మేనమామ పోలికా, ఊరి గాలా?

బల్హార్షా నుంచి కాజీపేట వైపు వచ్చే రైలుమార్గంలో మహారాష్ట్ర చివరి స్టేషన్లలో విరూర్ ఒకటి. అది దాటిన కాసేపటికే సిర్పూర్ టౌన్, అంటే తెలంగాణ. 1956లో రాష్ట్రాల గీతలు మారేదాకా ఈ రాజురా తాలూకా హైదరాబాదు రాష్ట్రంలో, ఆదిలాబాదు జిల్లాలోనే ఉండేది. గీత మారినా చుట్టరికాలు మారలేదు. అన్న విరూర్ పత్తిచేను చూసుకుంటాడు, తమ్ముడు సాస్తి బొగ్గుగనిలో కొలువు చేస్తాడు, చెల్లె కాగజ్‌నగర్‌లో కాపురముంటుంది. ఈ వైపు ఇలాంటి కుటుంబాలు కొత్త కాదు.

అలాంటి ఇంట్లో ఒక పిల్లవాడికి అర్ధరాత్రి పిల్లికూతలు మొదలైతే తెల్లారేసరికి రెండు తీర్పులు తయారవుతాయి. ఒకటి: "వాని తాతకు గూడ దమ్ముండె, అదే వచ్చింది." రెండోది: "ఈ బొగ్గు దుమ్ముకే పిలగాండ్లు ఇట్లయితున్నరు." మొదటిది రక్తం మీద తీర్పు, రెండోది గాలి మీద తీర్పు. పండితులు కూడా వందేళ్లుగా ఈ రెండు తీర్పుల మధ్యే వాదించుకుంటున్నారు. ఆ వాదనలో రెండు పక్షాలకూ పెద్దదిక్కుగా నిలిచిన పరిశోధన వ్యాసాలు రెండున్నాయి. ఒకటి 2007లో వచ్చింది, ఇంకొకటి 2016లో. వాటిని పక్కపక్కన పెట్టి చదివితే ఏది ఎంతవరకు నిలుస్తుంది, విరూర్ లాంటి ఊళ్లో తల్లిదండ్రులకు ఏది అక్కరకొస్తుంది అన్నది తేలుతుంది.

రెండు వ్యాసాలు, రెండు ప్రశ్నలు

మొదటి వ్యాసం 2007 జులైలో 'నేచర్' పత్రికలో వచ్చింది. రాసింది లండన్ ఇంపీరియల్ కాలేజీకి చెందిన మిరియం మొఫాట్, విలియం కుక్సన్, వారి సహచరులు. చిన్నతనంలోనే ఆస్తమా మొదలైన 994 మందిని, ఆస్తమా లేని 1,243 మందిని తీసుకుని ఒక్కొక్కరి జన్యురాశిలో 3 లక్షల 17 వేలకు పైగా చోట్ల తేడాలు వెతికారు. వాళ్లు వేసుకున్న ప్రశ్న చాలా సూటిది. ఒకే రకం దేశాల్లో, ఒకే రకం ఊళ్లలో పెరుగుతున్న పిల్లల్లో ఈ పిల్లకే ఎందుకు వచ్చింది, పక్కింటి పిల్లకు ఎందుకు రాలేదు?

రెండో వ్యాసం 2016 ఆగస్టులో 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్'లో వచ్చింది. మిషెల్ స్టైన్, షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన క్యారొల్ ఓబర్, జర్మనీకి చెందిన ఎరికా ఫాన్ మూటియస్ తదితరులు దాని రచయితలు. అమెరికాలో రెండు రైతు సమాజాలను వాళ్లు పోల్చారు. ఇండియానాలోని అమిష్‌లు, దక్షిణ డకోటాలోని హటరైట్లు. రెండు సమాజాల మూలాలూ మధ్య ఐరోపాలోనే ఉన్నాయి. తిండి, కుటుంబ పరిమాణం, టీకాలు, కుక్కా పిల్లీ ఇంట్లో పెంచకపోవడం వంటి విషయాల్లో పోలికలెక్కువ. జన్యుపరంగా కూడా దగ్గరివాళ్లేనని పరీక్షించి చూసుకున్నారు. అయినా అంతకుముందటి సర్వేల్లో అమిష్ బడిపిల్లల్లో ఆస్తమా 5.2 శాతం, హటరైట్ పిల్లల్లో 21.3 శాతం. అలర్జీ స్వభావం ఒకవైపు 7.2 శాతం, ఇంకోవైపు 33.3 శాతం. ఇక్కడి ప్రశ్న వేరు. ఒకే రకం రక్తమున్న రెండు జనాల్లో ఒక జనానికి ఇంత ఎక్కువగా, ఇంకొక జనానికి ఇంత తక్కువగా ఎందుకు?

ఈ రెండో వ్యాసం వెనుక చిన్న చరిత్ర ఉంది. క్యారొల్ ఓబర్ అంతకుముందు చాలా ఏళ్లు హటరైట్లలో ఆస్తమా జన్యువుల కోసం వెతికిన మనిషి. బయటి సంబంధాలు చేసుకోని చిన్న సమాజంలో వంశవృక్షాలన్నీ చేతిలో ఉంటాయి కాబట్టి జన్యువు సులువుగా దొరుకుతుందన్నది అప్పటి ఆశ. 1998లోనే ఆమె బృందం ఆ వెతుకులాట ఫలితాలు ప్రకటించింది. అదే మనిషి 2016 నాటికి ఇళ్లలోని దుమ్మును కూడా తీసుకెళ్లి పరీక్షించింది. జన్యుశాస్త్రం ఓడిపోయిందని దీనికి అర్థం చెప్పుకోవడం తొందరపాటు. జన్యువులు రెండువైపులా ఒకటేనని గట్టిగా చెప్పగలిగిన జన్యుశాస్త్రవేత్తకే దుమ్ము మీద వేలు పెట్టే హక్కు వచ్చింది. 2016 వ్యాసానికి బలం ఇచ్చింది ఆ తొలి పనే.

ఏం దొరికింది?

2007 వ్యాసంలో దొరికింది 17వ క్రోమోజోము మీద ఒక చోటు. పరిశోధకులు దాన్ని 17క్యూ21 అంటారు. అక్కడి ఓఆర్ఎండీఎల్3 అనే జన్యువు ఎంత చురుగ్గా పనిచేస్తుందన్న దానికీ, చిన్నతనపు ఆస్తమాకూ లంకె ఉందని తేల్చారు. జర్మనీలో 2,320 మందిలోనూ, 1958లో పుట్టిన బ్రిటన్ పిల్లల బృందంలో 3,301 మందిలోనూ మళ్లీ చూసి సరిపోల్చుకున్నారు. ఒకచోట దొరికిన జన్యువు ఇంకోచోట కనబడకపోవడం ఈ రంగానికి అప్పటిదాకా ఉన్న పెద్ద జబ్బు. ఆ జబ్బును దాటిన మొదటి పెద్ద ఫలితం ఇది. ఆ తర్వాత అదే చోట ఉన్న జీఎస్‌డీఎంబీ అనే పొరుగు జన్యువు మీద కూడా అనుమానం పడింది. చోటు మాత్రం కదలలేదు, తర్వాతి పెద్ద అధ్యయనాల్లో మళ్లీ మళ్లీ తేలుతూనే ఉంది.

2016 వ్యాసంలో దొరికింది ఇంటి దుమ్ము. అమిష్‌లు సంప్రదాయ పద్ధతిలో సొంతంగా పాడి సాగిస్తారు. గుర్రాలతో దున్నుతారు. పశువుల కొట్టం ఇంటికి ఆనుకునే ఉంటుంది. పిల్లలు అందులో ఆడుకుంటూ పెరుగుతారు. హటరైట్లది పెద్ద యంత్రాలతో నడిచే ఉమ్మడి వ్యవసాయం. కొట్టాలు ఇళ్లకు దూరం, చిన్నపిల్లలు అటు పోరు. అమిష్ ఇళ్ల దుమ్ములో సూక్ష్మజీవుల పైపొర నుంచి వచ్చే ఎండోటాక్సిన్ అనే పదార్థం 6.8 రెట్లు ఎక్కువగా ఉంది. ఆ దుమ్మును ఎలుకల ముక్కులో వేస్తే, అలర్జీ పుట్టించినా వాటి శ్వాసనాళాలు పెద్దగా బిగుసుకోలేదు. సూక్ష్మజీవుల జాడను పసిగట్టే సహజ రక్షణ వ్యవస్థకు కీలకమైన రెండు జన్యువులు తీసేసిన ఎలుకల్లో ఆ మేలు పోయింది. దుమ్ము చేసే మేలు కూడా జన్యువుల ద్వారానే జరుగుతుందన్నమాట. ఈ వాక్యాన్ని చదవకుండా 'గాలే అంతా' అని ప్రచారం చేసినవాళ్లు వ్యాసాన్ని సగమే చదివారు.

తూకంలో ఎవరి బరువెంత?

పరిమాణంలో మొదటి వ్యాసానిదే పైచేయి. వేలమంది మనుషులు, లక్షల చోట్ల కొలతలు, మూడు వేర్వేరు గుంపుల్లో నిర్ధారణ. దాని తర్వాత 2010లో ఇదే బృందం ముందుండి నడిపిన 'గేబ్రియల్' అధ్యయనం 10,365 మంది రోగులను, 16,110 మంది ఆరోగ్యవంతులను పోల్చింది. 17క్యూ21 ప్రభావం చిన్నతనంలో మొదలయ్యే ఆస్తమాకే పరిమితమని అందులో స్పష్టమైంది. ఇంకొక ముఖ్యమైన సంగతి కూడా బయటపడింది. అలర్జీకి గుర్తుగా రక్తంలో చూసే ఐజీఈ మోతాదును నడిపే జన్యువులు, ఆస్తమాకు దారితీసే జన్యువులు చాలావరకు వేర్వేరు. అలర్జీ, ఆస్తమా ఒకే గడపలో తిరిగే దాయాదులేగాని ఒకే మనిషి కాదని మొదటిసారి ఇంత పెద్ద లెక్కతో తెలిసింది.

అయితే ఆ బరువులోనే ఒక బలహీనత దాగుంది. 17క్యూ21లో ప్రమాదం పెంచే రకం అరుదైనదేమీ కాదు. జబ్బులేని ఐరోపావాసుల క్రోమోజోముల్లో కూడా దాదాపు సగంలో ఉంది. అలాంటి రకాన్ని చూసి ఏ పిల్లకు జబ్బు వస్తుందో చెప్పలేం. గేబ్రియల్‌లో దొరికిన జన్యువులన్నీ కలిపి లెక్కగట్టినా ముందుగా పసిగట్టడానికి పనికిరాలేదు. ఇంకొక లోటు మనకు సంబంధించింది. ఆ వేలమందిలో మనవాళ్లు లేరు. చర్మపు కవచాన్ని కట్టే ఫిలాగ్రిన్ జన్యువు కథ దీనికి ఉదాహరణ. అందులో రెండు లోపాలు ఎగ్జిమాకు, ఎగ్జిమాతో కలిసి వచ్చే ఆస్తమాకు బలంగా దారితీస్తాయని 2006లో తేలింది. ఐరోపాలో సుమారు 9 శాతం మంది ఆ లోపాలను మోస్తున్నారు. జపాన్, సింగపూర్‌లలో వెతికితే ఆ రెండూ దాదాపు కనబడలేదు. అక్కడివాళ్లకు వేరే లోపాలున్నాయి. ఒక ఖండంలో రాసిన జన్యుపటం పట్టుకుని ఇంకో ఖండంలో దారి వెతకలేం.

రెండో వ్యాసం పరిమాణంలో పీల. రక్తం తీసి చూసింది ఒక్కో సమాజం నుంచి 30 మంది పిల్లలను, మొత్తం 60 మందిని. ఎలుకల ప్రయోగాన్ని అలాగే మనుషులకు వర్తింపజేయలేం. అమిష్ జీవితంలో కొట్టం ఒక్కటే తేడానా, ఇంకేమైనా ఉందా అన్న సందేహం పూర్తిగా తీరదు. కానీ దాని రూపకల్పన పదునైనది. ఒక వైపు రక్తాన్ని స్థిరంగా పట్టుకుని, ఇంకో వైపు పరిసరాన్ని మార్చి చూడటం మనుషుల మీద ప్రయోగం చేసి సాధించలేనిది. చరిత్రే ఆ ప్రయోగం చేసిపెట్టింది, పరిశోధకులు దాన్ని గుర్తుపట్టారు. బలం లెక్కలో 2007, తెలివి లెక్కలో 2016 ముందుంటాయి.

చేను లోపలి తేడా, చేలమధ్య తేడా

ఇప్పుడు అసలు చిక్కు. రెండూ నిజమైతే రెండింటిలో ఏది నిజం?

వంశపారంపర్యానికి పాత సాక్ష్యాలు గట్టివి. 1916లో న్యూయార్క్ వైద్యులు కుక్, వాండర్ వీర్ 504 మంది అలర్జీ రోగులను అడిగితే దాదాపు సగం మంది ఇళ్లలో అదే చరిత్ర కనిపించింది. 1971లో స్వీడన్‌లో సుమారు 7,000 జతల కవలలను పరిశీలించారు. ఒకే అండం నుంచి పుట్టిన కవలల్లో ఒకరికి ఆస్తమా ఉంటే రెండోవారికి ఉన్న జతలు 19 శాతం. వేర్వేరు అండాల కవలల్లో 4.8 శాతం. నాలుగు రెట్ల తేడా జన్యువు పక్షాన సాక్ష్యం చెబుతోంది. అదే అంకెను తిరగేసి చదవండి. జన్యువులన్నీ ఒకటే అయిన తోబుట్టువుల్లో కూడా నూటికి 81 జతల్లో రెండో మనిషికి జబ్బు లేదు. ఒకే అంకె రెండు పక్షాలకూ సాక్షి.

దీని గుట్టు విరూర్ రైతుకు పాఠం చెప్పక్కరలేకుండా తెలుసు. ఒకే చెలకలో వేసిన పత్తిలో ఒక మొక్క ఏపుగా, ఒకటి గిడసబారి ఉంటే తప్పు విత్తనం మీద పెడతాడు. అదే సంచిలోని గింజలు సగం చెలకలో, సగం నల్లరేగడిలో వేస్తే ఆ రెండు చేల దిగుబడి తేడాకు విత్తనాన్ని తిట్టడు. చేను లోపలి తేడాకు కారణం వేరు, చేలమధ్య తేడాకు కారణం వేరు. 2007 వ్యాసం చేను లోపల చూసింది, 2016 వ్యాసం రెండు చేలను చూసింది. ఈ భేదాన్ని 1985లోనే బ్రిటిష్ వైద్యుడు జెఫ్రీ రోజ్ స్పష్టంగా రాశాడు: ఒక మనిషికి జబ్బు ఎందుకొచ్చిందన్నది ఒక ప్రశ్న, ఒక జనంలో జబ్బు ఎందుకు పెరిగిందన్నది ఇంకొక ప్రశ్న. మన పత్రికల్లో వచ్చే ఆరోగ్య శీర్షికలు 'ఆస్తమాకు 70 శాతం జన్యువులే కారణం' అని రాసినప్పుడు ఈ రెండు ప్రశ్నలనూ కలిపేస్తాయి. ఆ శాతం ఒకే చేను లోపలి మాట. అదే వాక్యాన్ని కాలం మీద, ఊళ్ల మీద రుద్దితే అబద్ధమవుతుంది.

కాలం మీద రుద్దితే ఏమవుతుందో బెంగళూరు చెబుతుంది. అక్కడ డాక్టర్ హెచ్. పరమేశ్ తన ఆస్పత్రికి వచ్చిన 18 ఏళ్లలోపు 20,000 మంది పిల్లల లెక్క తీశారు. 1979లో 9 శాతంగా ఉన్న ఆస్తమా 1999 నాటికి 29.5 శాతమైంది. ఇది ఆస్పత్రికి వచ్చినవాళ్ల లెక్కే, ఊరంతటి లెక్క కాదు. ఆస్పత్రికి పేరొచ్చే కొద్దీ రోగులు పెరుగుతారు, గుర్తించే నేర్పూ పెరుగుతుంది. ఆ మేరకు తగ్గించి చదివినా, ఇరవై ఏళ్లలో బెంగళూరు పిల్లల జన్యువులు మూడింతలు మారవు. 1998లో 'లాన్సెట్'లో వచ్చిన ఐజాక్ అధ్యయనం 56 దేశాల్లో 4,63,801 మంది పిల్లలను అడిగి, కేంద్రానికీ కేంద్రానికీ మధ్య 20 నుంచి 60 రెట్ల తేడా చూపింది. అంత తేడాను 17క్యూ21 నెత్తిన వేయలేం.

రెండు వ్యాసాలు కలుసుకున్న చోటు

ఇంతవరకు ఎదురెదురుగా నిలబెట్టిన రెండూ తర్వాతి పరిశోధనల్లో ఒకే చోట కలుసుకున్నాయి. ఆ చోటు మళ్లీ 17క్యూ21. 2008లో ఫ్రాన్స్ పరిశోధకురాలు ఎమ్మాన్యుయెల్ బూజిగాన్ బృందం ఆ చోటి ప్రమాదకర రకాన్ని మోస్తూ, పసితనంలో ఇంట్లో పొగాకు పొగ పీల్చినవాళ్లలో ఆస్తమా ప్రమాదం ఇంకా ఎక్కువని చూపింది. 2016లో ఐరోపా గ్రామీణ పిల్లలను చూసిన ఇంకొక అధ్యయనం దీనికి రెండో ముఖం చూపింది. అదే ప్రమాదకర రకం ఉన్న పిల్లల్లో, పశువుల కొట్టంలో తిరుగుతూ పెరిగినవాళ్లకు పిల్లికూతల నుంచి రక్షణ ఎక్కువగా దొరికింది.

కాబట్టి ఆ జన్యువును చెడ్డ జన్యువు అనడం సరికాదు. అది చుట్టుపక్కల ఏముందో చెవి రిక్కించి వినే జన్యువు. బీడీ పొగ వినబడితే ఒక దారి, కొట్టపు దుమ్ము వినబడితే ఇంకో దారి. 2007 వ్యాసాన్ని తలరాతగా చదివినవాళ్లనూ, 2016 వ్యాసాన్ని పల్లెటూరి స్తోత్రంగా చదివినవాళ్లనూ ఈ ఒక్క ఫలితం సరిదిద్దుతుంది.

తిండి అలర్జీలోనూ ఇదే పాఠం. 2008లో బ్రిటన్, ఇజ్రాయెల్‌లలోని యూదు బడిపిల్లలను పోల్చితే వేరుశనగ అలర్జీ బ్రిటన్‌లో 1.85 శాతం, ఇజ్రాయెల్‌లో 0.17 శాతం. ఒకే వంశమూలం ఉన్నా పది రెట్ల తేడా. ఇజ్రాయెల్ తల్లులు పసితనంలోనే వేరుశనగ చిరుతిండి పెడతారు, బ్రిటన్‌లో అప్పట్లో వద్దనేవారు. ఈ గమనిక నుంచి పుట్టిన 'లీప్' ప్రయోగం 2015లో వెలువడింది. తీవ్రమైన ఎగ్జిమా గానీ గుడ్డు అలర్జీ గానీ ఉన్న 640 మంది పసివాళ్లలో సగం మందికి మొదటి ఏడాదిలోనే వేరుశనగ పెట్టారు, మిగతా సగానికి ఐదేళ్లదాకా పెట్టలేదు. పెట్టనివాళ్లలో 17.2 శాతానికి, పెట్టినవాళ్లలో 3.2 శాతానికి అలర్జీ వచ్చింది. ప్రమాదం ఉన్న ఒంటిలోనే ఫలితం మారింది. జన్యువును ముట్టుకోలేదు, గిన్నెలో పెట్టినదే మార్చారు.

జన్యువు నిజంగా తీర్పు చెప్పే జబ్బులు

తెలుగువాళ్లకు ఇక్కడ ఒక అనుమానం రావడం సహజం. మేనరికాలు చేసుకునే ఇళ్లు మనవి. అయితే ఈ ఆస్తమా కూడా దాని ఫలమేనా?

హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్త కె. తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ బృందాలు 2017లో ప్రచురించిన పరిశోధన దీనికి సాయం చేస్తుంది. తరాల తరబడి లోపలే పెళ్లిళ్లు జరిగిన దక్షిణాసియా సమాజాలను వాళ్లు లెక్కించారు. అందులో ప్రసిద్ధ ఉదాహరణ వైశ్యుల్లో కనిపించే బ్యూటిరైల్‌కోలినెస్టరేజ్ లోపం. ఆ లోపమున్నవారికి ఆపరేషన్ మత్తులో వాడే, కండరాలను సడలించే ఒక మందు త్వరగా దిగదు, ఊపిరి ఆడక చాలాసేపు యంత్రం మీద ఉంచాల్సి వస్తుంది. అక్కడ ఒక జన్యువు, ఒక లోపం, ఒక ఫలితం. పరీక్ష చేస్తే తెలుస్తుంది, తెలిస్తే ఆ మందు మానేస్తే సరిపోతుంది.

ఆస్తమాను దాని పక్కన పెడితే తేడా తెలుస్తుంది. 2018లో ప్రపంచవ్యాప్త సమీక్ష ఒకటి దాదాపు 24 వేల మంది రోగులను పరిశీలించి 18 చోట్లు చూపింది. ఒక్కోదాని వాటా చిన్నది. మేనరికం ప్రధానంగా బయటపెట్టేది, తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే లోపం వచ్చినప్పుడు కనిపించే ఒంటి జన్యువు జబ్బులను. ఆస్తమా ఆ కోవలోది కాదు. మేనరికం మానుకోవడానికి మంచి కారణాలు చాలా ఉన్నాయి, పిల్లవాడి దమ్మును వాటిలో చేర్చి కోడలినో అల్లుడినో నిలదీయడం అన్యాయం.

కోడలి మాట వచ్చింది కాబట్టి ఒక అంకె. 2010లో 33 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు తల్లికి ఆస్తమా ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం సుమారు మూడింతలు, తండ్రికి ఉంటే సుమారు రెండున్నర ఇంతలు అని తేలింది. తల్లి వాటా కాస్త ఎక్కువ. కారణం జన్యువు ఒక్కటే అయితే ఇద్దరి వాటా సమంగా ఉండాలి. గర్భంలోని తొమ్మిది నెలలు కూడా ఒక పరిసరమే. ఆ తొమ్మిది నెలల్లో పొయ్యి పొగ, మగవాళ్ల బీడీ పొగ ఎవరి మెడకు చుట్టుకుంటాయో ఆలోచించాలి.

లైప్‌జిగ్ పొగ, చంద్రాపూర్ పొగ

ఇక విరూర్ గాలి. చంద్రాపూర్ జిల్లా గాలి గురించి మొహమాటపడాల్సింది ఏమీ లేదు. 2,920 మెగావాట్ల సూపర్ థర్మల్ విద్యుత్ కేంద్రం, రాజురా చుట్టూ ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనులు, గడ్‌చందూర్ వైపు సిమెంటు కర్మాగారాలు, బల్లార్‌పూర్ కాగితం మిల్లు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలకు మార్కులు వేసినప్పుడు చంద్రాపూర్ 83.88తో నాలుగో స్థానంలో నిలిచింది. అయితే 'బొగ్గు దుమ్ముతోనే అలర్జీ' అన్న రెండో తీర్పు దీంతో నెగ్గినట్టేనా?

జర్మనీ ఏకమైన కొత్తలో ఎరికా ఫాన్ మూటియస్ సరిగ్గా ఇదే అనుకుని పనికి దిగింది. తూర్పున లైప్‌జిగ్, హాలె పట్టణాలు గోధుమరంగు బొగ్గు పొగతో నిండిపోయినవి. పడమట మ్యూనిక్ శుభ్రమైన ఊరు. ఇరువైపులా ఒకే జాతి జనం. ఫలితం తిరగబడింది. బ్రాంకైటిస్ దగ్గులు తూర్పు పిల్లల్లో ఎక్కువ. అలర్జీ స్వభావం మాత్రం మ్యూనిక్ పిల్లల్లో 36.7 శాతం, తూర్పున 18.2 శాతం. పొగ ఊపిరితిత్తులను పాడుచేసింది, కానీ అలర్జీని పుట్టించింది పొగ అని చెప్పలేకపోయారు.

చంద్రాపూర్‌కు ఈ పోలికను వర్తింపజేస్తే ఒక జాగ్రత్త అవసరం. పొగ నిర్దోషి అని ఎవరూ అనుకోకూడదు. ఆస్తమా ఉన్న పిల్లవాడికి పొగ, ధూళి దాడిని తెచ్చిపెడతాయి, ఎదుగుతున్న ఊపిరితిత్తుల సత్తా తగ్గిస్తాయి. చిమ్నీ మీద కోపం న్యాయమే. ఆ కోపంలో ఇంటి లోపలి పొయ్యి, దోమల చుట్ట, గోడ బూజు, పరుపులోని దుమ్ముపురుగు, గట్టు మీది వయ్యారిభామ మరుగున పడకూడదు. ఆ వయ్యారిభామ కలుపును మన దేశంలో మొదట గుర్తించింది 1955లో, ఇదే మహారాష్ట్రలోని పుణెలో. ఇప్పుడు తాతల వయసున్నవాళ్లు పసివాళ్లుగా ఉన్నప్పుడు ఆ పుప్పొడి ఈ గట్ల మీద లేదు. అదే రక్తానికి ఇది కొత్త శత్రువు.

విరూర్ ఇళ్లలోనూ కొట్టం ఇంటికి ఆనుకునే ఉంటుంది కదా, మనమూ అమిష్‌లమే కదా అనుకుంటే పొరపాటు. పిడకల పొగతో నిండిన గదికీ అమిష్ ఇంటికీ పోలిక లేదు. కొట్టపు సూక్ష్మజీవులు మేలు చేస్తాయని చదివి పిల్లలకు కాచని పాలు పట్టడం మరీ ప్రమాదం.

సరిహద్దు సంగతికొస్తే, ఫిన్లండ్, రష్యాల మధ్య చీలిపోయిన కరేలియాలో ఒకే మూలాల జనం సరిహద్దుకు రెండువైపులా ఉన్నారు. ఫిన్లండ్ వైపు అలర్జీలు రష్యా వైపు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అక్కడ సరిహద్దు బతుకులను విడదీసింది. విరూర్ దగ్గరి సరిహద్దు బతుకులను విడదీయలేదు. ఇక్కడ తేడా చేనుకూ గనికీ మధ్య, పల్లెకూ కాలనీకీ మధ్య ఉంది. ఒకే తాత మనవలు కొందరు విరూర్‌లో పశువుల మధ్య, కొందరు బల్లార్‌పూర్‌లో మిల్లు పక్కన, కొందరు కాగజ్‌నగర్‌లో పెరుగుతుంటే, 2007 ప్రశ్ననూ 2016 ప్రశ్ననూ ఒకేసారి అడగడానికి ఇంతకంటే అనువైన నేల ఎక్కడుంది?

తీర్పు

రెండు వ్యాసాల్లో శాస్త్రానికి ఎక్కువ ఇచ్చింది 2007దే. చిన్నతనపు ఆస్తమాకు జన్యురాశిలో నిలబడే చోటు ఒకటి చూపి కొత్త దారి తెరిచింది. తల్లిదండ్రులకు ఎక్కువ ఇచ్చింది 2016ది. మార్చగలిగినది ఏదో ఉందన్న ధైర్యం ఇచ్చింది. రెండింటికీ ఒక ఉమ్మడి లోపముంది. జబ్బు ఎవరికొస్తుందని రెండూ అడిగాయి, వచ్చిన పిల్లవాడు ఏమవుతాడని ఏదీ అడగలేదు.

మన దేశంలో ఆ ప్రశ్నకు జవాబు బాధాకరం. ప్రపంచ ఆస్తమా రోగుల్లో మన వాటా సుమారు 13 శాతం, ఆస్తమా మరణాల్లో మన వాటా 40 శాతానికి పైగా. ఈ వ్యత్యాసం మన జన్యువుల్లో లేదు. ఒక్క గాలితోనూ తీరేది కాదు. నిరోధక ఇన్‌హేలర్ అందకపోవడం, అందినా 'అలవాటైపోతుంది' అని దాచిపెట్టడం, 'ఇది దమ్ము కాదు, జలుబే' అని పేరు పెట్టకుండా వాయిదా వేయడం దీని వెనుక ఉన్న పెద్ద కారణాలు. మృగశిర కార్తెనాడు హైదరాబాదులో చేపమందు మింగించి వరుసగా మూడేళ్లు ఎదురుచూసే ఆచారం కూడా ఇక్కడే లెక్కలోకి వస్తుంది. అమెరికాలోని టూసాన్‌లో పిల్లలను పుట్టుక నుంచి గమనించిన అధ్యయనం 1995లో ఒక సంగతి చెప్పింది. మూడేళ్లలోపు పిల్లికూతలు వచ్చినవారిలో దాదాపు 60 శాతం మందికి ఆరేళ్లకల్లా అవి వాటంతటవే తగ్గిపోయాయి. ఆ మూడేళ్లలో ఏ మందు మింగించినా పేరు దానికే దక్కుతుంది. తగ్గని మిగతా 40 శాతం పిల్లలే అసలు సమస్య.

ఆ 40 శాతాన్ని ముందే పసిగట్టడంలో 'తాత పోలిక' పనికొస్తుంది. అదే టూసాన్ బృందం 2000లో ఒక సూచిక తయారుచేసింది. మూడేళ్లలోపు పదే పదే పిల్లికూతలు వస్తూ, తల్లికో తండ్రికో ఆస్తమా ఉన్నా, పిల్లకే ఎగ్జిమా ఉన్నా, ఆ పిల్లను జాగ్రత్తగా కనిపెట్టి ఉండాలి. దీనికి జన్యుపరీక్ష అక్కర్లేదు, రూపాయి ఖర్చు లేదు. మార్కెట్లో ఆస్తమా జన్యుపరీక్ష అమ్మజూపితే డబ్బు దాచుకుని, ఇంటి చరిత్రను డాక్టరుకు దాచకుండా చెప్పండి.

ఇంట్లో పొగ తాగడం ఆపండి, గుమ్మం బయట కూడా పిల్లల దగ్గర వద్దు. వంట పొగ బయటికి పోయే దారి చూడండి. డాక్టరు నిరోధక ఇన్‌హేలర్ రాస్తే స్పేసర్‌తో, చెప్పినన్నాళ్లు వాడండి. బుడెసోనైడ్, సాల్బుటమాల్ రెండూ మన జాతీయ అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నాయి కాబట్టి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వాటిని అడగండి. చంద్రాపూర్ ప్రభుత్వ వైద్య కళాశాల, హైదరాబాదు సీసీఎంబీ కలిసి ఈ సరిహద్దు కుటుంబాల పిల్లలను రెండు వైపులా కొన్నేళ్లు గమనిస్తే, ఐరోపా, అమెరికా వ్యాసాలను మనం అరువు తెచ్చుకోవాల్సిన అవసరం తగ్గుతుంది. ఆ పని మొదలుపెట్టాలని రెండు రాష్ట్రాల ప్రజాప్రతినిధులనూ అడగాలి.